తక్కువ బడ్జెట్‌లో హై-ఫై హెడ్‌ఫోన్లు: ఖర్చు దేనికి పెట్టాలి, దేనికి వద్దు

సంక్షిప్తంగా: హెడ్‌ఫోన్ ధర పెరిగినంతగా ధ్వని మెరుగుపడదు. వినిపించే తీరును ప్రధానంగా నిర్ణయించేవి రెండు: ఏ స్వరాన్ని ఎంత బిగ్గరగా పలికిస్తుందో చెప్పే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్, చెవికీ ప్యాడ్‌కీ మధ్య కుదిరే సీల్. ఈ రెండింటినీ తక్కువ ధరలోనూ సాధించవచ్చు. మిగిలిన చిన్న లోపాలను ఈక్వలైజర్, అంటే ఒక్కో స్వరం బిగ్గరతనాన్ని విడిగా సర్దే ఉచిత సాఫ్ట్‌వేర్, చాలావరకు సరిచేస్తుంది. విడిగా యాంప్లిఫయర్ కావాలా వద్దా అన్నది అభిప్రాయాలతో పనిలేకుండా లెక్కగట్టి తేల్చుకోగల విషయం.

ధరకూ ధ్వనికీ ఉన్న సంబంధం

ఒకే తరహా హెడ్‌ఫోన్లు రెండు పక్కపక్కన పెడితే ఒకదాని ధర రెండోదానికి పది రెట్లు ఉండటం ఈ రంగంలో మామూలే. జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలను వాటి ధరలతో పోల్చి 2017లో ఒక పత్రం ప్రచురించారు. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ ధరకూ మధ్య సంబంధమేదీ కనిపించలేదన్నది అందులోని ఫలితం. ఖరీదైనవన్నీ చెడ్డవని దీని అర్థం కాదు. ధర చూసి ధ్వనిని అంచనా వేయలేమని మాత్రమే.

కారణం తయారీలోనే ఉంది. శబ్దాన్ని పుట్టించే భాగం డ్రైవర్. ఎక్కువగా వాడే డైనమిక్ డ్రైవర్‌లో ఉండేవి పల్చటి పాలిమర్ పొర, దానికి అతికించిన సన్నని తీగచుట్ట, వెనక ఒక నియోడిమియం అయస్కాంతం. ఇవేవీ అరుదైన ఖరీదు వస్తువులు కావు. ఆ పొర ముందూ వెనకా గాలి ఎలా కదలాలో నియంత్రించే రంధ్రాలు, వాటిని కప్పే జల్లెడ కాగితం, కప్పు లోపలి స్పాంజి, ఇయర్‌ప్యాడ్ మందం కలిసి ధ్వనిని మలుస్తాయి. ఈ పనికి సరుకు కంటే డిజైన్ జ్ఞానం ఎక్కువ కావాలి. ఒకసారి డిజైన్ కుదిరితే ప్రతి పీసుకూ అదనపు ఖర్చు పెద్దగా ఉండదు.

మరి ఎక్కువ ధర దేనికి పోతుంది? లోహపు ఫ్రేమ్, తక్కువ బరువు, ఊడదీయగల కేబుల్, ఎడమ కుడి డ్రైవర్లను కొలిచి జతకలపడం, ఏళ్ల తరబడి విడిభాగాల సరఫరా వంటివాటికి కొంత. ప్రచారానికి, ప్యాకింగ్‌కు కొంత. మొదటి రకం ఖర్చు వృథా కాదు. మరీ చౌక హెడ్‌ఫోన్లలో తరచుగా దెబ్బతినేవి కూడా ఇవే: కప్పు తిరిగే చోట ప్లాస్టిక్ పగుళ్లు, రెండు చెవుల మధ్య తేడా, జాక్ దగ్గర తెగే వైరు.

పాత మోడల్ అని వెనకాడాల్సిన అవసరం కూడా లేదు. కాస్ పోర్టా ప్రో 1984లో, సోనీ ఎండీఆర్-7506 1991లో, సెన్‌హైజర్ హెచ్‌డీ 600 1997లో వచ్చాయి. ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. ఫోన్లలా ఏడాదికేడాది వెనకబడిపోయే వస్తువు కాదిది.

చెవి ఎదురుచూసేది సమరేఖ కాదు

మంచి స్పీకర్ కొలతలో గీత దాదాపు సమంగా ఉండాలి. అదే సూత్రం హెడ్‌ఫోన్‌కు వర్తిస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. చెవి కాలువ సుమారు 2.5 సెంటీమీటర్ల గొట్టం. ఒక చివర కర్ణభేరితో మూసుకుపోయి ఉంటుంది. అలాంటి గొట్టం 3 కిలోహెర్ట్జ్ దగ్గర్లో సహజంగా ప్రతిధ్వనిస్తుంది. బయటి చెవి ఆకారం దానికి తోడవుతుంది. ఫలితంగా గదిలోని స్పీకర్ నుంచి వచ్చే శబ్దం కర్ణభేరిని చేరేసరికి ఆ ప్రాంతంలో 10 డెసిబెల్లకు పైగా పెరుగుతుంది. పుట్టినప్పటి నుంచి మెదడు అలవాటుపడింది ఈ ఎత్తుకే. హెడ్‌ఫోన్ చెవిని మూసేస్తూ లేదా కాలువలోకి దూరుతూ ఈ సహజ ప్రక్రియను మారుస్తుంది కాబట్టి, ఆ ఎత్తు కర్ణభేరి దగ్గర మిగిలేలా డిజైన్‌లోనే చూసుకోవాలి.

హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ బృందం శ్రోతలతో జరిపిన వినికిడి పరీక్షల నుంచి వచ్చిందే 'హార్మన్ టార్గెట్' అనే వక్రరేఖ. 100 హెర్ట్జ్ కిందుగా బేస్ కొంత ఎత్తు, మధ్యస్వరాలు సమతలం, 3 కిలోహెర్ట్జ్ దగ్గర గుట్ట, ఆపైన మెల్లగా దిగుడు. ఇది శాసనం కాదు. దీనికన్నా తక్కువ బేస్ కోరేవారూ ఉంటారు, ఎక్కువ కోరేవారూ ఉంటారు. అయినా తెలియని హెడ్‌ఫోన్ గ్రాఫ్ చూసేటప్పుడు పోల్చుకోవడానికి ఇంతకంటే మెరుగైన కొలబద్ద అందుబాటులో ఉన్నవాటిలో తక్కువ.

గ్రాఫ్‌లోని తేడా చెవికి ఎలా తెలుస్తుందో కొంచెం అలవాటుతో పసిగట్టవచ్చు. 200–300 హెర్ట్జ్ దగ్గర ఉబ్బు ఉంటే గొంతులు దుప్పటి కప్పినట్టు మూగగా వినిపిస్తాయి. 1–2 కిలోహెర్ట్జ్ దగ్గర పెద్ద పల్లం ఉంటే గాయకులు వెనక్కి జరిగినట్టుంటుంది. 3 కిలోహెర్ట్జ్ గుట్ట మోతాదు మించితే పాట అరుస్తున్నట్టు అనిపించి అరగంటకే అలసట వస్తుంది. 6–9 కిలోహెర్ట్జ్ మధ్య శిఖరం ఉంటే స, ష, చ అక్షరాలు సూదుల్లా గుచ్చుకుంటాయి. వెడల్పాటి ఎత్తుపల్లాలు చెవికి వెంటనే దొరుకుతాయి. సన్నని లోతైన గుంటలు గ్రాఫ్‌లో భయపెట్టినంతగా వినిపించవు.

ఒక హెచ్చరిక అవసరం. 8 కిలోహెర్ట్జ్ దాటాక గ్రాఫ్‌ను అక్షరాలా నమ్మకూడదు. అక్కడి తరంగదైర్ఘ్యం 4 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ మాత్రమే. హెడ్‌ఫోన్ కొద్దిగా జరిగినా, చెవి ఆకారం మారినా గీత మారిపోతుంది. ఇన్-ఇయర్‌లను కొలిచే సాధారణ కప్లర్ (చెవి కాలువను అనుకరించే పరికరం) 8 కిలోహెర్ట్జ్ దగ్గర సొంతంగా ఒక శిఖరం చూపిస్తుంది. అందుకే రెండు మోడళ్లను పోల్చేటప్పుడు ఒకే పరికరం మీద, ఒకే వ్యక్తి చేసిన కొలతలనే పక్కపక్కన పెట్టాలి. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన గ్రాఫులను పోలిస్తే తప్పుదారి పట్టడం ఖాయం.

పెట్టె మీది అంకెల్లో పనికొచ్చేవి

'5–40,000 హెర్ట్జ్' అన్న వాక్యం దాదాపు ఏమీ చెప్పదు. మనిషి వినగలిగేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకే. వయసుతో పై హద్దు తగ్గుతూ వస్తుంది. పైగా ఎన్ని డెసిబెల్ల తేడా లోపల ఆ పరిధి అందుతుందో రాయకపోతే ఏ హెడ్‌ఫోన్ మీదైనా ఆ అంకె వేసుకోవచ్చు. డ్రైవర్ సైజు కూడా అంతే. 50 మిల్లీమీటర్ల డ్రైవర్ 40 దానికంటే మెరుగన్న నియమమేదీ లేదు.

నిజంగా అక్కరకొచ్చేవి ఇంపిడెన్స్ (విద్యుత్ ప్రవాహానికి ఇచ్చే నిరోధం, ఓమ్‌లలో), సెన్సిటివిటీ (ఇచ్చిన విద్యుత్తుకు ఎంత శబ్దం వస్తుందన్నది). రెండోది రెండు రకాలుగా రాస్తారు, గందరగోళానికి మూలం అదే. కొందరు 1 మిల్లీవాట్‌కు ఎన్ని డెసిబెల్లో చెబుతారు, కొందరు 1 వోల్ట్‌కు ఎన్నో చెబుతారు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు మిల్లీవాట్ లెక్క నుంచి వోల్ట్ లెక్కలోకి మార్చాలంటే 15 డెసిబెల్లు కలపాలి. 300 ఓమ్‌ల దానికి 5 కలిపితే చాలు. కాబట్టి రెండు 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ల మీద '100 డెసిబెల్' అనే ఉన్నా, ఒకటి మిల్లీవాట్ లెక్క, మరొకటి వోల్ట్ లెక్క అయితే రెండోదానికి 30 రెట్లకు పైగా పవర్ కావాలి.

ఎంత శబ్దం చాలు? ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రమాణం ప్రకారం పెద్దలకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్లు సురక్షిత పరిమితి, పిల్లలకు 75. సగటు ఈ స్థాయిలో ఉన్నప్పుడు సంగీతంలోని క్షణిక శిఖరాలు 20 డెసిబెల్లు పైకి లేవవచ్చు. నిశ్శబ్దంగా రికార్డయిన పాటలకు మరో 10 కలిపి, గరిష్ఠంగా 110 డెసిబెల్లు అందితే సరిపోతుందని లెక్క వేసుకోవచ్చు.

ఇప్పుడు మూడు ఊహాత్మక హెడ్‌ఫోన్లు తీసుకుందాం. మొదటిది 32 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 100 డెసిబెల్లు. 110 చేరడానికి దీనికి 10 మిల్లీవాట్లు, అంటే 0.57 వోల్ట్ చాలు. రెండోది 300 ఓమ్‌లు, అదే 100 డెసిబెల్లు. పవర్ అంతే 10 మిల్లీవాట్లు, కానీ వోల్టేజ్ 1.73 వోల్ట్‌లు కావాలి. కరెంట్ 6 మిల్లీయాంప్‌లలోపే. మూడోది 30 ఓమ్‌ల ప్లానార్ రకం (తీగచుట్ట బదులు పొర మీదే విద్యుత్ దారి పరిచినది), మిల్లీవాట్‌కు 90 డెసిబెల్లే. దీనికీ వోల్టేజ్ 1.73 వోల్ట్‌లే, కరెంట్ మాత్రం 58 మిల్లీయాంప్‌లు, పవర్ 100 మిల్లీవాట్లు. ఓమ్‌లు తక్కువగా ఉన్నాయి కదా, ఫోన్‌తోనే బాగా మోగుతుందని కొన్నవారు నిరాశపడేది ఈ మూడో రకంతోనే. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు పెద్ద యాంప్ తప్పనిసరి అన్న మాట కూడా అంతే పాక్షికం. ఫోన్‌కు తగిలించే, 1 వోల్ట్ ఇచ్చే చిన్న డాంగిల్ మీద రెండో హెడ్‌ఫోన్ 105 డెసిబెల్లు చేరుతుంది. ఎక్కువమందికి అది చాలు.

కొన్ని మోడళ్లు పలు ఇంపిడెన్స్‌లలో వస్తాయి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌లలో దొరుకుతుంది. ఫోన్, ల్యాప్‌టాప్ మాత్రమే ఉన్నవారు అలాంటిచోట తక్కువ ఓమ్‌ల రకం ఎంచుకుంటే యాంప్ ఖర్చు తప్పుతుంది.

యాంప్ ఎప్పుడు కావాలి

వాల్యూమ్ పూర్తిగా పెంచినా చాలకపోవడం మొదటి లక్షణం. అంతగా తెలియని రెండో కారణం అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే సిగ్నల్ ఇచ్చే పరికరానికి స్వయంగా ఉండే నిరోధం. డైనమిక్ డ్రైవర్ ఇంపిడెన్స్ అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు, బేస్‌లోని రెజొనెన్స్ (డ్రైవర్ సహజంగా ఎక్కువగా కంపించే స్వరం) దగ్గర పెరుగుతుంది. మామూలుగా 32 ఓమ్‌లుండి బేస్‌లో 64కు చేరే హెడ్‌ఫోన్‌ను, 30 ఓమ్‌ల అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఉన్న పరికరానికి తగిలిస్తే బేస్ దాదాపు 2.4 డెసిబెల్లు ఉబ్బుతుంది. తయారీదారు ఉద్దేశించని 'గుబగుబ' అలా చేరుతుంది. హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించని అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఉండాలన్న నియమం ఇందుకే వాడుకలో ఉంది. 32 ఓమ్‌లకు 4 ఓమ్‌లు. యూఎస్‌బీ-సీ డాంగిళ్లలో మంచివి ఈ నియమాన్ని సులువుగా పాటిస్తాయి. పాత స్టీరియో రిసీవర్ల హెడ్‌ఫోన్ సాకెట్లలో చాలా వాటికి అది 100 ఓమ్‌లు, అంతకు పైన కూడా ఉంటుంది. ప్లానార్ రకాలకు ఇంపిడెన్స్ గీత సమంగా ఉంటుంది కాబట్టి ఈ సమస్య వాటిని తాకదు.

4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ ప్రధానంగా ఇచ్చేది ఎక్కువ వోల్టేజ్. ఆ అవసరం లేనిచోట ధ్వనిలో తేడా ఆశించనక్కర్లేదు. ఖరీదైన కేబుళ్ల మీద ఖర్చు పెట్టడానికి ఈ బడ్జెట్‌లో ఏ సమర్థనా లేదు.

తెరిచినవి, మూసినవి, చెవిలోకి దూరేవి

ఈ ఎంపికను ధ్వని కంటే ముందు వినే చోటు నిర్ణయిస్తుంది. నిశ్శబ్దమైన గదిలో ఒంటరిగా వినేవారికి ఓపెన్‌బ్యాక్ రకం ఎక్కువ ప్రతిఫలం ఇస్తుంది. కప్పు వెనక గోడ లేనందున లోపల ప్రతిధ్వనులు తక్కువ, ధ్వని తలకు బయట పరుచుకున్నట్టు ఉంటుంది, చెవులకు గాలి ఆడుతుంది. అయితే డైనమిక్ ఓపెన్‌బ్యాక్‌లలో 50–60 హెర్ట్జ్ కింద బేస్ క్రమంగా జారిపోతుంది. పక్కవారికి పాట వినిపిస్తుంది, బయటి చప్పుడు లోపలికి వస్తుంది.

క్లోజ్డ్‌బ్యాక్ తయారీ కష్టం. కప్పులో చిక్కిన శబ్దాన్ని పీల్చేయకపోతే మధ్యస్వరాలు డబ్బాలో మోగినట్టు ఉంటాయి. ఒకే ధరలో ఓపెన్ రకం సాధారణంగా మెరుగ్గా వినిపించడానికి కారణం ఇదే.

డబ్బు బాగా తక్కువగా ఉంటే వైరున్న ఇన్-ఇయర్‌లే సరైన దారి. ఒకే డైనమిక్ డ్రైవర్‌తో, హార్మన్ రేఖకు దగ్గరగా ట్యూన్ చేసిన చౌక మోడళ్లు గత కొన్నేళ్లలో విరివిగా వచ్చాయి. ఊహించనంత తక్కువ ధరలో సరైన ధ్వని దొరికేది ఇక్కడే. డ్రైవర్ల సంఖ్య చూసి మోసపోకూడదు. సరిగా సర్దని ఐదు డ్రైవర్ల కంటే కుదిరిన ఒక్క డ్రైవర్ మేలు. కేబుల్ ఊడివచ్చే రకం, అంటే 0.78 మిల్లీమీటర్ల రెండు పిన్నులది లేదా ఎంఎంసీఎక్స్ కనెక్టర్ ఉన్నది తీసుకుంటే, ముందుగా పాడయ్యే భాగాన్ని మార్చుకోవడం తేలిక.

సీల్ పోతే బేస్ పోతుంది

మంచి సమీక్షలున్న హెడ్‌ఫోన్ కొన్నాక 'బేస్ లేదు' అనే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి మూలం గాలి లీకే. క్లోజ్డ్‌బ్యాక్‌లో కళ్లజోడు కాడ చేసే సన్నని సందు కూడా బేస్‌ను అనేక డెసిబెల్లు తగ్గించగలదు. ఇన్-ఇయర్‌లో సైజు సరిపోని టిప్ అంతకంటే దారుణం: బేస్ మాయమై, పై స్వరాలు మాత్రమే మిగిలి ధ్వని రేకులా మారుతుంది. పెట్టెలో వచ్చిన మూడు సైజులూ వేసి చూడాలి, రెండు చెవులకు వేర్వేరు సైజులు కుదరడం అసాధారణమేమీ కాదు. సిలికాన్ కుదరకపోతే ఫోమ్ టిప్‌ను నలిపి, చెవి పైభాగాన్ని మరో చేత్తో పైకి లాగి, దూర్చి 20–30 సెకన్లు పట్టి ఉంచాలి.

ప్యాడ్లు ఖర్చులో భాగమే. సింథటిక్ తోలు చెమటకు, తేమకు పొట్టు రాలుతుంది. నలిగి పల్చబడిన ప్యాడ్ డ్రైవర్‌ను చెవికి దగ్గర చేస్తుంది, దాంతో ట్యూనింగ్ మారిపోతుంది. మార్చేటప్పుడు అదే మోడల్‌కు తయారీదారు అమ్మే ప్యాడే వేయాలి. మందం, లోపలి రంధ్రం, గుడ్డ రకం ఏది మారినా ధ్వని మారుతుంది. అందుకే కొనే ముందే ప్యాడ్లు విడిగా దొరుకుతాయో లేదో చూసుకోవాలి.

బరువు 300 గ్రాముల లోపుంటే గంటల తరబడి వాడేందుకు వీలు. 400 దగ్గరకొస్తే పట్టీ ఎంత మెత్తగా ఉన్నా నడినెత్తి నొప్పెడుతుంది.

వైర్‌లెస్ సంగతి

వైర్‌లెస్ హెడ్‌ఫోన్ ధరలో రేడియో చిప్, డ్యాక్ (డిజిటల్ సిగ్నల్‌ను అనలాగ్‌గా మార్చే చిప్), యాంప్, మైకులు, బ్యాటరీ అన్నీ ఇమిడి ఉంటాయి. అంతే మొత్తంలో వైరున్నది కొంటే డ్రైవర్‌కు, కప్పులకు దక్కే వాటా ఎక్కువ. కోడెక్‌ల (బ్లూటూత్‌లో పంపేందుకు శబ్దాన్ని కుదించే పద్ధతుల) గురించి పడే ఆందోళన అతి. సాధారణ ఎస్‌బీసీ సెకనుకు 328 కిలోబిట్ల దగ్గర, ఎల్‌డాక్ 990 కిలోబిట్ల వరకు పనిచేసినా, రెండు హెడ్‌ఫోన్ల ట్యూనింగ్ మధ్య ఉండే తేడా ముందు కోడెక్‌ల తేడా చిన్నది. అసలు బలహీనత బ్యాటరీ. కొన్ని వందల చార్జింగ్‌ల తర్వాత సామర్థ్యం తగ్గుతుంది, చిన్న ఇయర్‌బడ్‌లలో దాన్ని మార్చడం దాదాపు కుదరదు. సెకండ్ హ్యాండ్‌లో వైర్‌లెస్ జోలికి పోకపోవడం మంచిది. వైరున్న హెడ్‌ఫోన్ డ్రైవర్లు మాత్రం చాలా ఏళ్లు నిలుస్తాయి కాబట్టి, కొత్త ప్యాడ్ల ఖర్చు కలుపుకొని పాతది కొనడం మంచి బేరం.

ఈక్వలైజర్: ఖర్చులేని మెరుగుదల

విండోస్‌లో 'ఈక్వలైజర్ ఏపీఓ' ఉచితం. 'ఆటోఈక్యూ' ప్రాజెక్టు వేల మోడళ్లకు సిద్ధమైన సెట్టింగులు ఇస్తోంది. సొంతంగా చేసుకునేటప్పుడు మొదట ప్రీయాంప్‌ను, అంటే మొత్తం సిగ్నల్ స్థాయిని, తగ్గించాలి. ఎక్కడైనా 6 డెసిబెల్లు పెంచబోతుంటే ప్రీయాంప్ మైనస్ 6 ఉండాలి, లేకపోతే సిగ్నల్ నెత్తి తెగి గరగర వస్తుంది. బేస్ చాలకపోతే 105 హెర్ట్జ్ దగ్గర, దాని కింది స్వరాలన్నిటినీ ఎత్తే లో-షెల్ఫ్ ఫిల్టర్, క్యూ (ఫిల్టర్ ఎంత ఇరుకో చెప్పే అంకె) 0.7, ప్లస్ 4తో మొదలుపెట్టవచ్చు. అక్షరాలు గుచ్చుకుంటుంటే 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ వరకు నెమ్మదిగా సాగే స్వీప్ టోన్ విని, చురుక్కుమనే చోట క్యూ 3తో మైనస్ 3 లేదా 4 పెట్టాలి. సన్నని గుంటలను పైకి లేపే ప్రయత్నం చేయకూడదు. అవి చాలావరకు శబ్ద తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్న చోట్లు, పెంచినా నిండవు.

పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానం చేయాలి. ప్రీయాంప్ తగ్గించినందువల్ల ఈక్వలైజర్ పెట్టినప్పుడు శబ్దం చిన్నగా ఉంటుంది, ఒక డెసిబెల్ బిగ్గరగా ఉన్నదే చెవికి మెరుగనిపిస్తుంది. దుకాణంలో రెండు హెడ్‌ఫోన్లను మార్చిమార్చి వినేటప్పుడూ జరిగే పొరపాటు ఇదే.

సీల్ లోపాన్ని ఈక్వలైజర్ తీర్చలేదు. లీకయ్యే హెడ్‌ఫోన్‌లోకి బేస్ పంపితే ధ్వని వికృతమవడం పెరుగుతుంది తప్ప బేస్ రాదు.

కొన్న వెంటనే చేయాల్సిన పరీక్షలు

రెండు చెవుల్లో ఒకే సిగ్నల్ వచ్చేలా మోనో పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన హోరు) పెట్టాలి. శబ్దం సరిగ్గా నడిమధ్య నుంచి రావాలి. పక్కకు ఒరిగితే హెడ్‌ఫోన్‌ను ఎడమ కుడి తారుమారు చేసి పెట్టుకోవాలి. ఒరుగు రెండో వైపుకు మారితే లోపం హెడ్‌ఫోన్‌లోనో దానికి సిగ్నల్ ఇచ్చే పరికరంలోనో ఉంది, అదే హెడ్‌ఫోన్‌ను మరో ఫోన్‌కు తగిలిస్తే ఏదన్నది తేలుతుంది. మారకుండా అదే వైపు ఉంటే తేడా చెవిదో, ఆ చెవి దగ్గర సీల్‌దో.

తర్వాత 20 నుంచి 200 హెర్ట్జ్ వరకు స్వీప్ టోన్‌ను మధ్యస్థ వాల్యూమ్‌లో వినాలి. ఏదో ఒక చోట మాత్రమే జుయ్‌మని చప్పుడు వస్తే తరచుగా కారణం డయాఫ్రమ్‌ను, అంటే డ్రైవర్ పొరను, తాకుతున్న ఒక వెంట్రుక, లేదా వదులైన భాగం. పాట నడుస్తుండగా రెండు కప్పులను అరచేతులతో మెల్లగా నొక్కితే బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే సీల్ చాలడం లేదు. జాక్ దగ్గర, కప్పు దగ్గర వైరును వంచి శబ్దం తెగుతుందేమో చూడాలి. చివరగా రెండు గంటలు ఆపకుండా పెట్టుకుంటే పట్టీ ఒత్తిడి, వేడి సంగతి తెలుస్తుంది.

ఈ పరీక్షలన్నీ రిటర్న్ గడువులోపే పూర్తికావాలి. వంద గంటలు మోగిస్తే ధ్వని సర్దుకుంటుందన్న 'బర్న్-ఇన్' మాట నమ్మి ఆ గడువు జారవిడుచుకోవడం పెద్ద నష్టం. కొత్త డ్రైవర్‌లో వాడకంతో కొలతకు దొరికే మార్పు, హెడ్‌ఫోన్‌ను తీసి మళ్లీ పెట్టుకున్నప్పుడు వచ్చే మార్పు కంటే తక్కువే. మొదటి వారంలో స, ష అక్షరాలు గుచ్చుతుంటే, ఈక్వలైజర్‌తోనూ తగ్గకపోతే, ఆ హెడ్‌ఫోన్‌ను వెనక్కి పంపించేయాలి.